జారిన ఎత్తు, పడిన ఎత్తు: ఈ4తో మొదలైన ఆటను మళ్ళీ చూసుకోవడం ఎలా

చిత్తూరు బస్టాండులో తిరుపతి బస్సు ఎక్కినప్పటి నుంచి మా మేనకోడలు ఒక్క మాట మాట్లాడలేదు. ఎనిమిదో తరగతి చదువుతోంది. ఆ రోజు ఒక కల్యాణ మండపంలో పిల్లలకు ర్యాపిడ్, అంటే తక్కువ టైంలో ముగిసే ఆటల, చెస్ టోర్నమెంటు. నాలుగో రౌండులో 14 ఎత్తులకే ఓడిపోయింది. పూతలపట్టు దాటాక బొరుగుల పొట్లం విప్పుతూ అడిగింది: "మంత్రిని కొట్టినా కదా మామా. కొట్టినాక కూడా ఎట్లా ఓడిపోయినా?"

"ఇంటికి పోయి చూద్దాం. అందాకా ఫోన్ మాత్రం తియ్యొద్దు" అన్నాను.

ఆ రాత్రి, ఆ తర్వాత వారం రోజుల్లో మేము చేసిందే ఇక్కడ దశల వారీగా రాస్తున్నాను. నేను కోచ్‌ని కాను. ఇరవై ఏళ్ళుగా ఆడుతూ, ఓడుతూ, ఓడిన ఆటల్ని దాచుకునే అలవాటున్న మనిషిని మాత్రమే. చెస్ నియమాలు వచ్చి, రాజు ముందున్న బంటుని రెండు గళ్ళు నడిపి ఆట మొదలుపెట్టే వాళ్ళని దృష్టిలో పెట్టుకుని రాశాను. ఎదుటివాళ్ళు అలా మొదలుపెడితే నల్ల పావులతో ఆడేవాళ్ళకీ ఇదే పనికొస్తుంది.

పేర్ల గురించి ఒక మాట. మా ఇంట్లో బిషప్‌ని ఒంటె అనేవాళ్ళు, కొన్నిచోట్ల శకటు అంటారు. ఇప్పటి పిల్లలకి ఈ రెండూ తెలియవు కాబట్టి ఇక్కడ బిషప్ అనే రాస్తాను. మిగతావి రాజు, మంత్రి, ఏనుగు, గుర్రం, బంటు. గళ్ళకి తెల్ల పావుల వైపు నుంచి ఎడమ నుంచి కుడికి ఏ, బి, సి, డి, ఈ, ఎఫ్, జి, హెచ్. కింద నుంచి పైకి 1 నుంచి 8. రాజు బంటు రెండు గళ్ళు నడిస్తే అది ఈ4.

మొదటి దశ: ఆట కాగితం మీద ఉండాలి

ఎక్కువ టైం ఇచ్చే క్లాసికల్ ఆటలో ఎత్తులు రాయడం తప్పనిసరి. ర్యాపిడ్‌లో ఎవరూ అడగరు. అయినా రాయండి, కనీసం గడియారంలో ఐదు నిమిషాలు మిగిలేదాకా. ఎత్తు పక్కన అప్పుడు మిగిలిన టైం కూడా వేసుకుంటే ఇంకా మంచిది. రాయడం కుదరకపోతే ఆట అయిన అరగంటలోపు గుర్తు తెచ్చుకుని రాసేయండి. మధ్యాహ్నం ఆట రాత్రికి సగం మరిచిపోతాం. ఫోన్‌లో ఆడిన ఆటయితే ఈ బాధ లేదు, యాప్ అన్నీ దాచిపెడుతుంది.

మా అమ్మాయి కాగితం ఇది. తెల్ల పావులు తనవి.

1. ఈ4, ఈ5
2. గుర్రం ఎఫ్3, గుర్రం సి6
3. బిషప్ సి4, బిషప్ సి5
4. క్యాస్లింగ్, గుర్రం ఎఫ్6
5. డి3, డి6
6. బిషప్ జి5, హెచ్6
7. బిషప్ హెచ్4, జి5
8. బిషప్ జి3, హెచ్5
9. గుర్రం జి5 బంటుని కొట్టింది, హెచ్4
10. గుర్రం ఎఫ్7 బంటుని కొట్టింది, బంటు జి3లోని బిషప్‌ని కొట్టింది
11. గుర్రం డి8లోని మంత్రిని కొట్టింది, బిషప్ జి4
12. మంత్రి డి2, గుర్రం డి4
13. గుర్రం సి3, గుర్రం ఎఫ్3 చెక్
14. జి బంటు ఆ గుర్రాన్ని కొట్టింది, బిషప్ ఎఫ్3 బంటుని కొట్టింది

ఇక్కడ రాజుని పడుకోబెట్టేసింది. చదివేటప్పుడు పక్కన బోర్డు పెట్టుకుని ఎత్తులు వేసి చూడండి. లేకపోతే కిందిది సగమే అర్థమవుతుంది.

రెండో దశ: ఎదుటివాళ్ళని అడగడం

దీన్ని దాదాపు అందరూ వదిలేస్తారు. ఓడినప్పుడు మొహం చూపించబుద్ధి కాదు, గెలిచినప్పుడు అడిగితే ఎగతాళి చేసినట్టు ఉంటుందని సంకోచం. అయినా హాలు బయటికి వచ్చాక రెండు ప్రశ్నలు అడగొచ్చు. "నీకు ఎక్కడ భయమేసింది?", "నేను ఏం ఆడతానని అనుకున్నావు?" మా అమ్మాయి నోరు విప్పలేదు, నేనే అడిగాను. ఆ అబ్బాయి నవ్వుతూ, "జి5 బంటుని తింటుందా లేదా అని చూస్తా ఉన్న్యా అంకుల్, తినేసింది. మిగతాదంతా యూట్యూబ్‌లో చూసిందే" అన్నాడు. ఆ ఒక్క మాటతో మాకు గంట పని తగ్గింది. ఎర 9వ ఎత్తు దగ్గర ఉందని తేలిపోయింది.

మూడో దశ: ఇంజన్ లేకుండా, మనసులో ఏముందో రాయడం

ఈ దశ మీద నాకు కొంచెం మొండితనం ఉంది. ఆట అవగానే ఫోన్‌లో విశ్లేషణ నొక్కితే ఇంజన్, అంటే ఎత్తుల్ని లెక్కగట్టే ప్రోగ్రాం, తప్పుల మీద పెట్టిన ఎర్ర గుర్తులు, పసుపు గుర్తులు కనిపిస్తాయి. అవి చూసిన క్షణం నుంచి ఆటలో మీరు నిజంగా ఏమనుకున్నారో మీకే గుర్తుండదు. "అది నాకు తెలుసు, తొందరలో ఆడేశాను" అని మనసు కొత్త కథ అల్లేస్తుంది. అందుకే ముందు బోర్డు, పెన్సిలు, కాగితం. ఇంకేమీ వద్దు.

కొర్లగుంటలో మా మిద్దె మీద, రాత్రి సంగటి తిన్నాక కూర్చున్నాం. ఆటని మొదటి నుంచి నెమ్మదిగా వేస్తూ, తన ప్రతి ఎత్తు పక్కన నాలుగు గుర్తుల్లో ఏదన్నా పడుతుందేమో చూడమన్నాను.

ఎక్కువ సేపు ఆలోచించిన చోట గడియారం గుర్తు. భయమేసిన చోట "భ". ఎదుటివాళ్ళ ఎత్తు చూసి ఆశ్చర్యపోయిన చోట "ఆ". అసలు ఆలోచించకుండా చెయ్యి దానంతటదే కదిలిన చోట సున్న.

పిల్లలు మొదటి మూడూ చకచకా పెట్టేస్తారు. నాలుగోది ఒప్పుకోరు. "ఆలోచించే ఆడినా మామా" అంటారు. అప్పుడు ఒకటే అడగండి: "ఆ ఎత్తు కాకుండా ఇంకేం ఆడొచ్చు అనుకున్నావు?" జవాబు లేకపోతే అది సున్నే. రెండో ఎత్తు ఒకటి పోటీలో ఉంటేనే ఆలోచన ఉన్నట్టు.

మా అమ్మాయి కాగితంలో 11వ ఎత్తు తర్వాత "ఆ" పడింది. మంత్రి పోయినా నల్ల బిషప్ జి4కి ఎందుకొచ్చిందో తనకి అర్థం కాలేదు. 12 దగ్గర "భ". 13 దగ్గర, కొంచెం గొణిగాక, సున్న. 9, 10, 11 మూడింటికీ "సంతోషం" అని కొత్త గుర్తు తనే పెట్టింది. అది నాకు బాగా నచ్చింది. ఇప్పుడు మా ఇంట్లో ఐదు గుర్తులు. ఉచితంగా దొరికిందని సంతోషం వేసిన చోట ఎదుటివాళ్ళ బెదిరింపు చూడటం మానేస్తాం.

6వ ఎత్తు దగ్గర మొదట ఏమీ పెట్టలేదు. "బిషప్‌ని జి5కి ఎందుకు తెచ్చావు?" అన్నాను. "గుర్రాన్ని కట్టేయాలి కదా, సార్ చెప్పినారు." "ఇంకేం ఆడొచ్చు అనుకున్నావు?" మౌనం. అక్కడా సున్న పడింది.

నాలుగో దశ: పడిన చోటు నుంచి వెనక్కి నడవడం

అలిపిరి మెట్లు 3,550. ఆ దారిలో పడ్డ వాళ్ళని చూశాను. మోకాలు దోక్కుపోయిన మెట్టుని తిట్టుకుంటారు. కాలు జారింది మాత్రం అంతకు రెండు మూడు మెట్ల ముందు, తడిగా ఉన్నచోట. చెస్‌లోనూ పావు పోయిన ఎత్తు ఒకటి, పోవడానికి కారణమైన ఎత్తు ఇంకొకటి. ఆట చూసుకోవడం అంటే ముఖ్యంగా ఈ రెండో దాన్ని వెతకడం. అందుకే నేను చివరి నుంచి వెనక్కి వస్తాను.

14వ ఎత్తు తర్వాత తెల్లకి దారి లేదు. నల్ల జి3 బంటు హెచ్2ని కొడితే ఆట కట్టు: ఆ బంటుని హెచ్8 ఏనుగు కాస్తుంది, ఎఫ్3 బిషప్ జి2, హెచ్1 గళ్ళని మూసేసింది. తెల్ల హెచ్ బంటుతో జి3ని కొట్టేస్తే ఏనుగు హెచ్1కి దిగి కట్టు. చెక్ ఇచ్చిన గుర్రాన్ని కొట్టకుండా రాజు హెచ్1కి జరిగి ఉన్నా ఏనుగు హెచ్2 బంటుని కొట్టి కట్టేది. కాబట్టి పడింది ఇంకా ముందే.

13వ ఎత్తు. గుర్రాన్ని బి1 నుంచి సి3కి తెచ్చింది. మామూలు రోజుల్లో చక్కటి ఎత్తు. ఇక్కడ బోర్డు ఆపి, "నల్లకి ఇప్పుడు ఎన్ని చెక్‌లు ఉన్నాయి?" అని అడిగాను. ఒకటి చెప్పింది. మళ్ళీ చూడమన్నాను. నాలుగున్నాయి: గుర్రం ఎఫ్3, గుర్రం ఈ2, జి బంటు హెచ్2ని కొట్టడం, అదే బంటు ఎఫ్2ని కొట్టడం. ఒక రాజు మీద నాలుగు చెక్‌లు కాచుకుని ఉంటే ఇంటి మూలలో గుర్రాన్ని సర్దుకోవడానికి టైం ఉండదు. పడింది ఇక్కడే, సున్న గుర్తు పెట్టిన చోటే.

11వ ఎత్తు. మంత్రిని కొట్టినప్పుడు లెక్క వేయించాను. బంటు 1, గుర్రం, బిషప్ 3, ఏనుగు 5, మంత్రి 9 అని కదా మామూలు లెక్క. తను రెండు బంట్లు, మంత్రి తీసుకుంది, మొత్తం 11. పోయింది ఒక బిషప్, 3. అంటే 8 పాయింట్లు పైన ఉంది. ఇప్పుడు ఇంకో లెక్క: తెల్ల రాజు దగ్గర కాపలాకి ఎవరున్నారు? ఎఫ్1 ఏనుగు, మూడు బంట్లు. మంత్రిని తిన్న గుర్రం డి8లో, ఊరికి అవతల. బి1 గుర్రం, ఏ1 ఏనుగు ఇంకా నిద్ర లేవలేదు. నల్లవైపు బిషప్‌లు రెండు, గుర్రాలు రెండు, తలుపులు తెరిచిన హెచ్ వరసలో ఏనుగు, జి3లో బంటు. మొత్తం బోర్డు మీద ఎవరి దగ్గర ఎంత ఉంది అని కాక, రాజు ఉన్న వీధిలో ఎవరి మనుషులు ఎందరు అని లెక్కపెట్టాలి. ఇది చెప్పగానే తనకి సగం చిక్కు విడిపోయింది.

9వ ఎత్తు దగ్గర మేము చాలాసేపు ఆగాం. గుర్రం ఎఫ్3 వదిలి జి5 బంటుని కొట్టింది. నల్ల హెచ్ బంటు అప్పటికే హెచ్5లో ఉంది, తర్వాత హెచ్4కి వచ్చి బిషప్‌ని పట్టేస్తుందని కనిపిస్తూనే ఉంది. అయినా ఉచితంగా బంటు. అసలు నష్టం బంటులో లేదు, గుర్రం వదిలిన గడిలో ఉంది. ఎఫ్3లో గుర్రం ఉన్నంతకాలం నల్ల బిషప్ జి4కి వచ్చినా దాని చూపు తెల్ల మంత్రి దాకా పోదు. అది లేవగానే 11వ ఎత్తులో దారి తెరుచుకుంది. ఇంకా చూడండి, 13లో నల్ల గుర్రం చెక్ ఇచ్చిన గడి ఏది? అదే ఎఫ్3. 14లో నల్ల బిషప్ వచ్చి కూర్చున్నది? మళ్ళీ ఎఫ్3. మన కాపలావాడు ఖాళీ చేసిన గదిలోకే వరసగా దొంగలొచ్చారు. ఇది చూసి మా అమ్మాయి బోర్డు మీద ఎఫ్3 గడిలో వేలు పెట్టి కాసేపు అలాగే ఉండిపోయింది. 9లో గుర్రాన్ని కదపకుండా హెచ్4 అని బంటు నడిపి ఆపి ఉంటే ఆట ఇంకా మిగిలి ఉండేది.

7వ ఎత్తు. హెచ్6 బంటు తరిమినప్పుడు బిషప్ హెచ్4కి పోయింది. ఈ3కి వెనక్కి వచ్చేస్తే పెద్దగా ఏమీ పోయేది కాదు. ఒకసారి జి5కి వచ్చాక వెనక్కి పోవడం నామోషీ అనిపించిందట. పెద్దవాళ్ళం మనం కూడా అంతే కదా.

6వ ఎత్తు. ఇక్కడే కాలు జారింది. బిషప్ జి5కి వచ్చి ఎఫ్6 గుర్రాన్ని మంత్రికి అడ్డంగా కట్టేయడం (గుర్రం లేస్తే వెనకున్న మంత్రి దొరికిపోతుంది) మంచి ఆయుధమే. అది బాగా పనిచేసేది ఎదుటి రాజు అప్పటికే జి8కి క్యాస్లింగ్ చేసినప్పుడు. అప్పుడు అతను హెచ్, జి బంట్లని ముందుకు తోస్తే తన రాజు మీది కప్పే లేచిపోతుంది. ఇక్కడ క్యాస్లింగ్ చేసింది మనం. నల్ల రాజు ఇంకా ఈ8లోనే ఉన్నాడు, ఆ రెండు బంట్లూ నష్టం లేకుండా మన రాజు మీదికి పరిగెత్తాయి, మన బిషప్‌ని తరిమే వంకతో రెండు ఎత్తులు కలిసొచ్చాయి కూడా. "గుర్రాన్ని కట్టేయాలి" అన్నది సగం పాఠం. "ఎప్పుడు" అన్నది మిగతా సగం.

ఐదో దశ: ఓపెనింగ్‌ని పోల్చుకోవడం

ఇంత అయ్యాకే ఓపెనింగ్‌ని, అంటే మొదటి పది ఎత్తుల్ని, ఆటల డేటాబేస్‌తో పోల్చండి. లీచెస్ అనే చెస్ వెబ్‌సైట్‌లో విశ్లేషణ బోర్డు తెరిస్తే ఓపెనింగ్ ఎక్స్‌ప్లోరర్ ఉంటుంది. ప్రతి స్థితిలో బలమైన ఆటగాళ్ళు ఏ ఎత్తు ఎన్నిసార్లు ఆడారో, ఎవరు ఎక్కువ గెలిచారో చూపిస్తుంది. డబ్బు కట్టక్కర్లేదు. మీ ఆట వాళ్ళ దారి వదిలిన మొదటి ఎత్తు దగ్గర ఆగండి. అది తప్పే కానక్కర్లేదు. వాళ్ళు ఎక్కువగా ఆడే ఎత్తు ఏం పని చేస్తోందో ఒక్క వాక్యంలో చెప్పగలిగితే చాలు. మా ఆటలో 5 ఎత్తులదాకా ఇటాలియన్ ఆట, అందరూ నడిచే దారి. 6లో మామూలుగా వచ్చేది సి3: డి4కి దారి వేస్తుంది, సి4 బిషప్ వెనక్కి తగ్గడానికి చోటు ఇస్తుంది. అది నోటుపుస్తకంలోకి ఎక్కింది. అంతకు మించి ఇరవై ఎత్తుల వరసల్ని బట్టీ పట్టించకండి, రెండు వారాల్లో మర్చిపోతారు.

ఇంకో సంగతి. ఇదే ఆట ఇంతకుముందు ఎవరైనా ఆడారా అని వెతికితే, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో 1874లో క్నోర్ అనే ఆటగాడు మిఖాయిల్ చిగోరిన్ మీద సరిగ్గా ఇలాగే ఓడిపోయాడని దొరికింది. మొదట్లో ఎత్తుల వరస కొంచెం వేరు, 6 నుంచి చివరిదాకా ఒక్క ఎత్తు తేడా లేదు. చిగోరిన్ తర్వాత 1889, 1892లలో హవానాలో స్టైనిట్జ్‌తో ప్రపంచ చాంపియన్‌షిప్ ఆడిన మనిషి. "అంటే నూటయాభై ఏళ్ళ పాత గుంటలో పడినానా?" అంది. మొహంలో మొదటిసారి నవ్వు కనిపించింది.

నల్లవైపు నుంచి ఈ5 కాకుండా వేరే జవాబు వస్తే అడగాల్సిన ప్రశ్నలు మారతాయి. వీటిని కొంచెం తొందరగానే చెప్తాను, ఒక్కోటీ వేరే వ్యాసం. సిసిలియన్, అంటే సి5 వచ్చినప్పుడు, డి4 తెరిచాక తెల్లకి చోటు ఎక్కువ దొరుకుతుంది, నల్లకి సి వరస దొరుకుతుంది. మీరు ఆ చోటుని రాజు మీద దాడికి వాడుకున్నారా, లేక నల్ల సి వరసలో వచ్చేదాకా కూర్చున్నారా చూడండి. ఫ్రెంచ్‌లో, అంటే ఈ6 వచ్చి మీరు డి4 తర్వాత ఈ5కి నడిపినప్పుడు, ప్రశ్న ఒకటే: డి4 బంటు నిలబడిందా? నల్ల దాన్ని సి5తో కొడుతూనే ఉంటుంది. కారో-కాన్‌లో, అంటే సి6లో, నల్ల సి8 బిషప్ బయటికొచ్చేసిందా అన్నది చూడాలి. ఫ్రెంచ్‌లో లోపల ఇరుక్కునే బిషప్ ఇదే. స్కాండినేవియన్‌లో, అంటే డి5లో, మంత్రి డి5కి వచ్చినప్పుడు గుర్రం సి3తో దాన్ని తరిమి ఒక ఎత్తు సంపాదించారా?

నల్లవైపు ఆడే పిల్లలు తరచూ కాలు వేసే గుంట ఇంకొకటి ఉంది. ఇటాలియన్‌లో బిషప్ సి4కి వచ్చాక మూడో ఎత్తుగా గుర్రం ఎఫ్6 ఆడితే, తెల్ల గుర్రం జి5కి దూకుతుంది, ఎఫ్7 మీద కన్ను. నల్ల డి5 అంటుంది, తెల్ల బంటు దాన్ని కొడుతుంది. అక్కడ గుర్రంతో తిరిగి కొడితే తెల్ల గుర్రం ఎఫ్7లో పడి రాజుని నడివీధిలోకి లాగుతుంది. ఆ చోట గుర్రాన్ని సి6 నుంచి ఏ5కి తీసి బిషప్‌ని తరమడం మామూలు జవాబు. నల్లవైపు ఓడిన ఈ4 ఆట చేతికొస్తే నేను మొదట ఈ చోటే చూస్తాను.

ఓపెనింగ్‌లో ఓడితే ఓపెనింగ్ మార్చెయ్యాలనే తొందర వద్దు. 2024లో సింగపూర్‌లో గుకేశ్ ప్రపంచ చాంపియన్‌షిప్ మొదటి ఆటని ఈ4తోనే మొదలుపెట్టి, డింగ్ లిరెన్ ఫ్రెంచ్ ఆడితే ఓడిపోయాడు. 14 ఆటల మ్యాచ్‌ని 7.5–6.5తో గెలిచింది కూడా అతనే.

ఆరో దశ: ఇప్పుడు ఇంజన్

లీచెస్‌లో కంప్యూటర్ విశ్లేషణ ఉచితం, లోపల పనిచేసేది స్టాక్‌ఫిష్ అనే ఇంజన్. చెస్.కామ్‌లో కూడా ఉంది, ఉచిత ఖాతాకి పరిమితి ఉంటుంది. కాగితం మీది ఆటయితే విశ్లేషణ బోర్డులో ఎత్తులు ఒక్కొక్కటిగా వేసుకోవాలి. 14 ఎత్తులకి రెండు నిమిషాలు చాలు.

పక్కన కనిపించే అంకె ముందు ప్లస్ ఉంటే తెల్లకి మేలు, మైనస్ ఉంటే నల్లకి. 1 అంటే సుమారుగా ఒక బంటు విలువ. 0.3, 0.4 తేడాల గురించి మన స్థాయిలో టెన్షన్ పడక్కర్లేదు. ఒక ఎత్తుతో అంకె రెండు మూడు బంట్లు ఒరిగిన చోట్లు మాత్రం చూడండి. ఒకే వరస కాకుండా మూడు వరసలు కనిపించేలా పెట్టుకోండి. మొదటి మూడు ఎత్తులూ దాదాపు సమానంగా ఉంటే అక్కడ సరైన ఎత్తు ఒకటే అని ఏమీ లేదు, మీకు నచ్చింది ఆడొచ్చు. మొదటిదానికీ రెండోదానికీ మధ్య అగాధం ఉంటే అక్కడ ఆగాల్సిందే.

ఇంజన్‌ని వాడుకునే పద్ధతి నాది ఇది. మూడో దశ కాగితం పక్కన పెట్టుకుని, మేము గుర్తుపెట్టిన చోట్లకి మాత్రమే వెళ్తాం. మేము అనుకున్న వేరే ఎత్తుని బోర్డు మీద వేసి, దానికి ఇంజన్ ఏం జవాబు ఇస్తుందో చూస్తాం. మేము వాదిస్తాం, అది కొడుతుంది. "బిషప్ ఈ3కి పోతే?" "గుర్రం కొట్టకపోతే?" అని తను అడుగుతూ పోయింది. 11, 12 ఎత్తుల దగ్గర ఇంజన్ పొడుగాటి వరసలు చూపిస్తుంది. అలాంటివాటిని వదిలేయండి. గడియారం కొట్టుకుంటుండగా ఎనిమిదో తరగతి పిల్ల కనిపెట్టలేని ఎత్తు, ఎంత గొప్పదైనా, ఆ పిల్లకి పాఠం కాదు.

ఒక ముఖ్యమైన చిక్కు. 6వ ఎత్తు మీద ఇంజన్ ఎర్ర గుర్తు వేయదు. అంకె కొంచెం కిందికి జరుగుతుంది, అంతే. ఎందుకంటే ఆ తర్వాత తప్పులేకుండా ఆడితే ఇంజన్ తట్టుకోగలదు. మనం తట్టుకోలేం. ఇంజన్‌తోనే మొదలుపెట్టి ఉంటే మేము 9 దగ్గరో 13 దగ్గరో ఆగిపోయి, "బంటు తినకూడదు" అని రాసుకుని పడుకునేవాళ్ళం. వచ్చే ఆదివారం మళ్ళీ బిషప్ జి5కే వెళ్ళేది. ఎర్ర గుర్తులు పడిన చోటుని చూపిస్తాయి. జారిన చోటు మూడో దశ కాగితంలోనే దొరుకుతుంది.

ఏడో దశ: నోటుపుస్తకంలో రెండు వరసలు

ఒక ఆటకి రెండే వరసలు. మొదటిది జారిన ఎత్తు, దాని వెనకున్న ఆలోచన. రెండోది ఈసారి అడగాల్సిన ప్రశ్న. మా అమ్మాయి రాసుకుంది ఇలా:

"6. బిషప్ జి5. అలవాటుగా కట్టేసినా. వాళ్ళ రాజు యాడున్నాడో చూడలేదు."
"కట్టేసే ముందు: వాళ్ళు క్యాస్లింగ్ చేసినారా? హెచ్6, జి5 వస్తే నా బిషప్ యాడికి పోతుంది?"

"జాగ్రత్తగా ఆడాలి" అని రాయనివ్వకండి. అది పరీక్ష ప్రోగ్రెస్ కార్డు మీద "శ్రద్ధ అవసరం" అన్నట్టు ఉంటుంది, ఎవరికీ ఏమీ చెప్పదు. పది ఆటలయ్యాక పేజీలు తిప్పితే ఒకే రకం తప్పు మూడు నాలుగు సార్లు కనిపిస్తుంది. నా పుస్తకంలో ఇరవై ఏళ్ళుగా ఉన్నది, గెలుస్తున్న ఆటలో తొందరపడి పావులు మార్చుకోవడం. ఇంకా పోలేదు.

గెలిచిన ఆటకీ ఈ రెండు వరసలూ రాయించండి. చిత్తూరులో గెలిచిన ఆ అబ్బాయి కాగితం చూడలేదు కానీ, 9లో ఎర తినకపోయి ఉంటే ఏం చేసేవాడినని అతనూ కూర్చుని ఆలోచించాల్సిందే.

ఎనిమిదో దశ: వారం తర్వాత అదే స్థితి

ఆట మొత్తం కాదు, 6వ ఎత్తుకి ముందున్న స్థితిని బోర్డు మీద పెట్టండి. పిల్లతో తెల్ల ఆడించి, మీరు నల్ల ఆడండి. తర్వాత వైపులు మార్చండి. పది పది నిమిషాల ఆటలు రెండు చాలు. మేము మంగళవారం ఒకటి, శుక్రవారం ఒకటి ఆడాం. మొదటిదాంట్లో సి3 ఆడి, నెమ్మదిగా డి4 తోసి, నన్ను ముప్పుతిప్పలు పెట్టింది. రెండోదాంట్లో వైపులు మార్చి నేను కావాలనే బిషప్‌ని జి5కి తెస్తే, హెచ్6, జి5 అంటూ బంట్లని ఎంత ఉత్సాహంగా తోసిందంటే నాకు ఆ చిత్తూరు అబ్బాయి గుర్తొచ్చాడు.

సమయం గురించి కూడా చెప్పాలి. స్కూలు ఉన్న రోజుల్లో ఒక ఆటకి మొత్తం గంటన్నర దాటనివ్వకండి: మూడో, నాలుగో దశలకి గంట, మిగతావాటన్నిటికీ అరగంట. రోజుకి ఐదు బ్లిట్జ్ ఆటలు, అంటే కొద్ది నిమిషాల ఆటలు, ఆడి ఐదింటినీ చూద్దామంటే ఏదీ జరగదు. వారానికి ఒక్క ఆట తీసుకుంటే చాలు, అదీ ఓడినప్పుడు ఎక్కువ కడుపు మండినదాన్ని.

మొన్న ఆదివారం ఆన్‌లైన్‌లో తనకి నల్ల పావులు వచ్చాయి. ఈ4, ఈ5, ఇటాలియన్, క్యాస్లింగ్, ఆరో ఎత్తులో అవతలివాళ్ళ బిషప్ జి5లో దిగింది. "మామా, రా మామా, చూడు!" అని మిద్దె మీది నుంచి కేక. నేను మెట్లెక్కి వెళ్ళేసరికి హెచ్6, జి5, హెచ్5 అయిపోయాయి. అవతలివాళ్ళు మాత్రం జి5 బంటుని ముట్టుకోలేదు. హెచ్4 అని బంటు నడిపి ఆపారు. దానికి ఏం ఆడాలో తను నాలుగు నిమిషాలు ఆలోచించి, గడియారం గుర్తు పడేలా ఏదో ఆడి, చివరికి 40 ఎత్తులకి డ్రా చేసుకుంది. ఆ ఆట కాగితం ఇప్పుడు బోర్డు కింద మడిచి ఉంది. ఇంజన్ ఇంకా తెరవలేదు.